మొనవ్వర్ ఖానుమ్ సినిమా చావు

మా టెహ్రాను సినిమాల్లో తల్లులు కొడుకుల్ని కాదు, కొడుకుల పెట్టెల్ని కౌగిలించుకునేవారు. ఏళ్ళ తరబడి కనబడకుండా పోయిన కొడుకు ఇల్లు చేరతాడు. తల్లి వంటింట్లోంచి చేతులు చాచుకుని పరుగెత్తుకొస్తుంది. వచ్చి, సరిగ్గా రెండడుగుల దూరంలో గొలుసు పట్టి లాగినట్టు ఆగిపోతుంది. తల్లి వేషం వేసినావిడా కొడుకు వేషం వేసినవాడూ బయట ఒకరికొకరు పరాయివాళ్ళు కదా, సర్కారు నియమం ప్రకారం తెరమీద కూడా ముట్టుకోవడానికి వీల్లేదు. అందుకని ఆవిడ వాడి చేతిలో పెట్టె లాక్కుని గుండెలకు హత్తుకుని భోరుమనేది. పెట్టె లేకపోతే కోటు. కోటు కూడా లేని ఒక పేద కొడుకు సినిమాలో ఆ తల్లి తలుపును పట్టుకుని ఏడ్చింది. మేమూ ఏడ్చేవాళ్ళం. అలవాటైపోయి, కొన్నాళ్ళకు తెరమీద పెట్టె కనబడగానే చేతిరుమాళ్ళు తీసేవాళ్ళం.

మొనవ్వర్ ఖానుమ్ సినిమాలోకి రావడానికి కారణం ఇదొక్కటే. అందం కాదు. నటన అసలే కాదు.

ఆవిడ నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. టెహ్రానులో అమీరియె వీధుల వెనక, నడుమ చిన్న నీళ్ళ తొట్టీ, టమాటాల్లాంటి పళ్ళు కాసే ఖుర్మాలు చెట్టూ ఉన్న పాత ఇల్లు అది. కింద ఆవిడా కొడుకూ, మేడమీద రెండు గదుల్లో అద్దెకు బడిపంతులమ్మనైన నేనూ నా పుస్తకాలూ. భర్త పోయాక ఆవిడ దారంతో ఆడవాళ్ళ ముఖాలు శుభ్రం చేసే పనిలోకి దిగింది. దారం ఒక కొస పళ్ళ మధ్య, మిగతాది వేళ్ళ నడుమ మెలివేసి, చెంపల మీది నూగునీ కనుబొమల మీది అడవినీ టకటక లాగేసేది. పెళ్ళికి ముందురోజు పెళ్ళికూతుళ్ళందరూ ఆవిడ చేతికిందికి రావలసిందే. పళ్ళ మధ్య దారం ఉన్నా మాట మాత్రం ఆగేది కాదు. ఏ వీధిలో ఎవరికి ఎవరితో పడడం లేదో ఆ దారం చివర నుంచే నాకు తెలిసేది.

ఆవిడ మాటల్లో సగం చావులే. మా దగ్గర తల్లులందరూ అంతే. కొడుకు గడపకు కాలు కొట్టుకుంటే, "నీకు బదులు నేను చచ్చిపోతానురా తండ్రీ!" వాడు తుమ్మితే, "నీ తుమ్ముకి నేను బలైపోతాను!" వాడు అన్నం బాగుందంటే కూడా చచ్చిపోయేది. వాడు వార్తాపత్రికలోంచి తల ఎత్తకుండా, "దేవుడు అంత పని చెయ్యకూడదు" అనేవాడు. ఆ జవాబు మర్యాద. తుమ్ముకి 'చిరంజీవ' అన్నట్టు. అన్నవాళ్ళూ వినరు, అనిపించుకున్నవాళ్ళూ వినరు.

కొడుకు పేరు సియామక్. ముప్పై దాటి నాలుగైదేళ్ళు. చదువు మధ్యలో వదిలి నాటకాల్లో పడ్డాడు, అక్కణ్ణించి సినిమాల్లోకి. రొట్టెల కొట్టు ముందు వరసలో మూడోవాడు, పెళ్ళికొడుకు తరఫు చుట్టం, తాళంచెవి పోగొట్టుకున్న అద్దెమనిషి - ఇవీ వాడి వేషాలు. తాళంచెవి వేషంలో ఒక మాట కూడా ఉండేది. ఆ సినిమాకి మొనవ్వర్ ఖానుమ్ వీధి మొత్తాన్నీ వెంటేసుకుని వెళ్ళింది. వాడు తెరమీదికి రాగానే పక్కింటి పసిపిల్ల ఏడుపందుకుంది, ఆ మాట ఎవరికీ వినబడలేదు.

యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు, ఎండ తగ్గుముఖం పట్టిన ఒక రోజు, సియామక్ మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. నేను తొట్టి గట్టు మీద కూర్చుని చదువుకుంటున్నాను. ఆవిడ ఆకుకూర తరుగుతోంది.

"అమ్మా, ఆ కత్తి కింద పెట్టు."

"కత్తి కింద పెట్టి వినే వార్తా? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నాకు హీరో వేషం వచ్చింది."

ఆవిడ కత్తి కింద పెట్టకుండానే లేచి, వాడికోసం రెండు మూడు విధాలుగా చచ్చిపోయింది. వాడు మిఠాయి నములుతూ, "దేవుడు అంత పని చెయ్యకూడదు" అన్నాడు. "కానీ ఒక షరతుందమ్మా. నిన్ను తీసుకురమ్మన్నారు."

"నన్నా? వంటకా?"

"నాకు తల్లి వేషం వెయ్యడానికి."

"ఇంకా కొత్తగా వెయ్యడమేంట్రా? నిన్ను కన్నప్పటినుంచీ వేస్తూనే ఉన్నాగా!"

సంగతేమిటంటే, దర్శకుడు నౌజరీకి పెట్టెలంటే విసుగెత్తింది. తన సినిమా చివర తల్లి కొడుకుని నిజంగా, రెండు చేతులా కౌగిలించుకోవాలి. బయట కూడా తల్లీకొడుకులైతే అందుకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. అందుకని ఆయన నటుడి కోసం కాదు, తల్లి ఉన్న నటుడి కోసం వెతుకుతున్నాడు.

"అయితే అంతమంది గొప్ప నటుల్లో ఒక్కడికీ తల్లి లేదా?"

"ఉన్నారు. కెమెరా చూడగానే బిగుసుకుపోయారట. నువ్వు బిగుసుకోవని చెప్పాను."

"నేనా బిగుసుకునేది?" అని నావైపు తిరిగింది. "విన్నావా టీచరమ్మా? నాకు చదువు రాదు, నువ్వు కాస్త ఆ కథ చదివి వినిపించాలి."

సియామక్ ముఖంలో రంగు మారడం నేను చూశాను. "కథ తర్వాత విందువుగానీ" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

మర్నాడు వాడు లేనప్పుడు ఆవిడకు చదివి వినిపించాను. టైపు కొట్టిన కాగితాలు. తల్లీ కొడుకూ, ఇంటినిండా చుట్టాలూ, గిల్లికజ్జాలూ - మా కుటుంబ సినిమాలన్నిటిలాగే సరదాగా మొదలైంది. కొడుకు చిలిపివాడు. ఆవిడ ఆకుకూర తరుగుతూనే కిలకిలా నవ్వింది. మూడో పేజీ చివర కొడుకు బస్సు కింద పడి చచ్చిపోయాడు.

పోయినవాళ్ళు గురువారం సాయంత్రాల్లో ఇంటికొచ్చి, గోడమీదో కప్పుమీదో కూర్చుని, తమవాళ్ళు తమని తలుచుకుంటున్నారో లేదో చూసిపోతారని మా పెద్దవాళ్ళ నమ్మకం. అందుకే ఆవేళ ఇళ్ళల్లో పిండిని నెయ్యిలో వేయించి హల్వా చేస్తారు. ఆ వాసన పోయినవాళ్ళకు చేరుతుందని. నౌజరీ కథ అక్కణ్ణించి అందుకుంది. తల్లి కన్నీళ్ళు కారుస్తూ హల్వా కలుపుతుంటే చచ్చిన కొడుకు గోడమీద ప్రత్యక్షమవుతాడు. "కుంకుమపువ్వు తక్కువైందమ్మా" అంటాడు. వాడు ఆవిడకు తప్ప ఎవరికీ కనబడడు. తల్లికి పిచ్చెక్కిందని చుట్టాలంతా గోల. నవ్వించి నవ్వించి ఏడిపించే కథ. నేనైతే ఒక్క బిగిన చివరిదాకా చదివేసేదాన్ని.

కానీ ఆవిడ నన్ను అక్కణ్ణించి ముందుకు కదలనివ్వలేదు. కీడు తగలకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని పళ్ళతో కొరికింది, ఎడమవైపూ కుడివైపూ ఉమ్మింది, లేచి వెళ్ళి నిప్పుల మీద దిష్టి గింజలు పోసింది. అవి చిటపటమని పేలుతుంటే ఆ పొగ ఇల్లంతా పట్టించింది. నా కాగితాలకు కూడా.

సియామక్ వచ్చేసరికి వాకిలి పొగతో నిండిపోయి ఉంది.

"చదివారన్నమాట" అన్నాడు వాడు.

"నా బతికున్న కొడుకు పేరుమీద నేను హల్వా కలపాలా? ఏ నోటితో తెచ్చావురా ఆ కాగితాలు?"

"అమ్మా, అది నేను కాదు. వాడి పేరు హూమన్."

"పేరు హూమనైతే, ముఖం ఎవరిది?"

ఇక ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల చప్పుడు లేదు. చివరికి నౌజరీయే స్వయంగా వచ్చాడు. మనిషి మెత్తన. రెండు కనుబొమలూ ముక్కుమీద కలిసిపోయి ఒకే గీతలా ఉండేవి. ఆవిడ చూపు ఆ గీత మీంచి కదల్లేదు. టీ పోసింది, ఆయన వద్దన్నాడు, ఆవిడ బతిమాలింది, ఆయన తాగాడు. దోసకాయ చెక్కి ఇచ్చింది, ఆయన వద్దన్నాడు, ఆవిడ ఒట్టేసింది, ఆయన తిన్నాడు. మర్యాదలన్నీ అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఖానుమ్, ఇది ఒట్టి నటన. కెమెరా ఆగగానే మీవాడు లేచి టీ తాగుతాడు."

"అది మీకు తెలుసు, నాకు తెలుసు. ప్రాణాలు తీసుకుపోయే అజ్రాయిల్‌కి తెలుసా? వాడేమన్నా సినిమాలు చూస్తాడా నాయనా? పేరు చెవిన పడితే చాలు, ఇల్లు కనుక్కుంటాడు."

"నా మాట వినండి -"

"మీ తల్లిని అడిగి రండి. మీకోసం హల్వా కలుపుతుందేమో చూద్దాం."

నౌజరీ నవ్వబోయి ఆగిపోయాడు. కాసేపు టీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. "ఇంకొకతను ఉన్నాడు. మీవాడికున్న ముఖం అతనికి లేదు. కానీ వాళ్ళమ్మ ఒప్పుకుంది. నాకు సియామకే కావాలి. శనివారం దాకా చూస్తాను, ఆ తర్వాత నా చేతిలో లేదు."

ఆయన వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా సాగనంపి, "మీరు పరాయి మగవాడు కాకపోతే ఆ కనుబొమల్ని క్షణంలో విడదీసేదాన్ని" అంది. అది కోపమో దయో ఆయనకు తెలియలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర సియామక్ ముద్ద ముట్టలేదు. గొంతు పెంచలేదు కూడా. "ఎవరో ఒక తల్లి ఒప్పుకుందటమ్మా" అన్నాడు. "వాడు హీరో అవుతాడు. నేను మళ్ళీ రొట్టెల వరసలో నిలబడతాను. ఈసారి నాలుగోవాడిగా."

"నిలబడు. బతికుండి నిలబడు."

"ఇలా ఎన్నాళ్ళు నిలబడమంటావు?"

ఆవిడ గిన్నె దగ్గరికి లాక్కుంది. వాడి పళ్ళెంలో ఇంకొంచెం అన్నం వేసింది.

శుక్రవారం పొద్దున్నే దారం పట్టుకుని మేడమీదికొచ్చింది. ఆలోచించాలనుకున్నప్పుడల్లా ఆవిడకు ఒక ముఖం కావాలి. దగ్గర్లో ఉన్నది నాదే. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి పైపెదవి మీద మొదలుపెట్టింది. ఆవిడ మాట్లాడకపోతే ఆ దారం మరీ మండుతుంది.

"టీచరమ్మా, పోయినవాళ్ళు గోడెక్కి కూర్చుంటారు కదా. ఆ గోడమీద ఫలానావాళ్ళే కూర్చోవాలని రాసుందా?"

"కొడుకని రాసుంది."

"కొట్టేసి తల్లి అని రాస్తే?"

నేను తల తిప్పబోయాను. గడ్డం పట్టుకుని మళ్ళీ యథాస్థానంలో పెట్టింది.

"వాడు పుట్టినప్పట్నుంచీ రోజుకి నూరుసార్లు వాడికోసం చస్తానంటున్నాను. ఒక్కసారీ మాట నిలబెట్టుకోలేదు. ఇప్పుడు నిలబెట్టుకుంటే తప్పేంటి? తల్లి ముందు పోవడం న్యాయమే కదా. దానికి అజ్రాయిల్ కూడా వంక పెట్టడు."

"మరి మీకు భయం లేదా?"

"నా పేరు వాడికి ఎప్పుడో తెలుసు. నా భర్తను తీసుకెళ్ళినప్పుడు గుమ్మం ముందు మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం" అంటూ దారం నోట్లోంచి తీసేసింది. "లే, చాదర్ కప్పుకో. ఆ కాగితాల మీద ఆయన ఇంటి చిరునామా ఉందిగా."

నా పైపెదవి సగమే శుభ్రమైంది. ఆ సగంతోనే ఆవిడ వెంట వెళ్ళాను.

నౌజరీ తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడి ఆవిడ చెప్పిందంతా విన్నాడు. చేతిలో పెన్సిలు ఆడుతూ ఉంది.

"అయితే హల్వా సియామక్ కలపాలి" అన్నాడు చివరికి. "వాడికి చెయ్యడం వచ్చా?"

"గుడ్డు ఉడకబెట్టమంటే నీళ్ళు మాడ్చేస్తాడు."

"వాడు పిండి మాడుస్తుంటే మీరు గోడమీంచి చూస్తూ ఊరుకుంటారా?"

"గోడమీంచా? సమాధిలోంచైనా ఊరుకోను!"

నౌజరీ అప్పుడు నవ్వాడు. గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే కాగితం అందుకున్నాడు. మేము వాకిట్లో నిలబడే ఉన్నాం. ఆయన భార్య వచ్చి లోపలికి రమ్మని ఎన్నిసార్లు బతిమాలిందో.

సినిమా మా ఇంట్లోనే తీశారు. పాత ఇల్లు, గోడ, తొట్టి అన్నీ ఉన్నాయి కదా. మొనవ్వర్ ఖానుమ్ తెల్ల చాదర్ కప్పుకుని నిచ్చెన ఎక్కి గోడమీద కూర్చునేది. కింద ఎవరికీ కనబడకుండా వెనక ఒక దిండు. చావు ఆవిడకు బాగా పడింది. వీధిలో పోయేవాళ్ళు తలెత్తి, "మొనవ్వర్ ఖానుమ్, ఎలా ఉంది పైలోకం?" అంటే, "గాలి బాగుంది, పని లేదు. ముందే తెలిస్తే ఇన్నేళ్ళు బతికేదాన్ని కాదు" అనేది. ఆవిడ చెప్పవలసిన మాటలు నేను ముందురోజే చదివి వినిపించేదాన్ని. ఆవిడ వాటిని గుర్తుంచుకుని, వాటికి బదులు తనకు తోచినవి చెప్పేది.

"కట్! ఖానుమ్, ఇక్కడ మీరు జాలిగా చూడాలి. ఏమీ అనకూడదు."

"వాడు చక్కెర ముందు పోస్తున్నాడు నాయనా! పిండి ఎర్రబడకుండా చక్కెర పోస్తే చూస్తూ ఊరుకోమంటావా?"

"అది తప్పుగా చెయ్యాలనే రాశాం."

"రాసినవాళ్ళు తింటారా దాన్ని?"

కెమెరా పట్టుకునేవాడు నవ్వు ఆపుకోలేక బొమ్మ వణికించేవాడు. నౌజరీ ఆవిడను సరిదిద్దడం మానేసి, ఆవిడ అన్నవే రాసుకోవడం మొదలెట్టాడు.

అంతా సాఫీగా సాగింది, ఆ ఒక్కరోజు వచ్చేదాకా. చివరి సన్నివేశం. కొడుకు వాకిట్లో పొయ్యిమీద హల్వా కలుపుతుంటాడు. పొరుగింటి ముసలాయన తలుపులోంచి తొంగిచూసి, "వాసన వస్తోంది, ఎవరికోసం బాబూ?" అంటాడు. కొడుకు, "మా అమ్మకి. మా అమ్మ పోయింది" అనాలి. ఆ మాట వినబడ్డాక తల్లి గోడ దిగివచ్చి వాణ్ణి కౌగిలించుకోవాలి. సినిమా మొత్తం ఆ కౌగిలి కోసమే.

ముసలాయన వేషం వేసినాయన అడిగాడు. సియామక్ నోరు తెరిచాడు. "మా అమ్మకి" అని ఆగిపోయాడు.

"మళ్ళీ" అన్నాడు నౌజరీ.

"మా అమ్మకి. మా అమ్మ..."

"మళ్ళీ."

ఈసారి 'మా' కూడా రాలేదు. సియామక్ తొట్టి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కున్నాడు. తిరిగి వస్తూ, ఎవరూ చూడడం లేదనుకుని, చెక్క మంచం అంచుమీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. అపశకునం తగలకూడదని ఆడవాళ్ళు తట్టినట్టు. తల్లి మూఢనమ్మకాలని వెక్కిరించినవాడే.

ఎండ గోడమీద పసుపు తిరిగింది. నౌజరీ వాచీ చూసుకున్నాడు. ఎప్పుడూ మెత్తగా ఉండే మనిషి, గొంతు ఇంకా మెత్తన చేశాడు. అది విని నాకు భయమేసింది. "సియామక్, ఈ మాట అనలేకపోతే చివరి సన్నివేశం లేదు. చివరి సన్నివేశం లేకపోతే నాకు సినిమా లేదు. అవతలివాణ్ణి పెట్టి మొదటినుంచీ తీసుకోవలసి వస్తుంది."

"అనరా!" గోడమీంచి అరిచింది మొనవ్వర్ ఖానుమ్. "నాలుగు ముక్కలు, అంతే! ఇదిగో, నేను నిక్షేపంలా ఇక్కడే ఉన్నాగా!"

"అందుకే అనలేను."

"నేను రోజూ అంటూనే ఉన్నాగదరా, చస్తాను చస్తాను అని!"

"నువ్వన్నప్పుడు నేనెప్పుడూ వినలేదమ్మా" అన్నాడు సియామక్. చేతిలో గరిటె కిందికి వేలాడుతోంది. "ఇప్పుడు నా నోటితో అనాలంటే వినబడుతోంది."

మొనవ్వర్ ఖానుమ్ గోడమీద కూర్చుని, తెల్ల చాదర్ అంచు వేళ్ళ మధ్య మెలిపెడుతూ ఉండిపోయింది. తర్వాత దర్శకుణ్ణి పిలిచింది.

"నౌజరీ ఆఘా, ఇటు రా. ఆ మాట దేనికి?"

"చూసేవాళ్ళకు తెలియాలి కదా ఖానుమ్."

"ఏం తెలియాలి? పొయ్యి ముందు మగవాడు ఒక్కడూ చతికిలబడి, హల్వా మాడ్చుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఆడది పోయిందని ఎవడికి తెలియదు? నోటితో చెప్పాలా?"

నౌజరీ తల గోక్కున్నాడు. గోడవైపు చూశాడు, పొయ్యివైపు చూశాడు, పోతున్న ఎండవైపు చూశాడు. "సరే. మాట వద్దు" అన్నాడు. "కలుపుతూ ఉండు, చాలు."

ముసలాయన తొంగిచూశాడు. "వాసన వస్తోంది, ఎవరికోసం బాబూ?"

సియామక్ తలెత్తాడు. ఏమీ అనలేదు. మళ్ళీ వంగి కలుపుకున్నాడు. ఆ ముసలాయన అనుభవజ్ఞుడు. ఎవరూ చెప్పకుండానే టోపీ తీసి చేత్తో పట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

మొనవ్వర్ ఖానుమ్ నిచ్చెన దిగింది. చిరుగాలిలా వచ్చి భుజంమీద చెయ్యి వెయ్యాలని, ఆ తర్వాత కలలోలాగా నెమ్మదిగా దగ్గరికి తీసుకోవాలని కాగితాల్లో ఉంది. ఆవిడ చెప్పుల చప్పుడు చేసుకుంటూ గబగబా వచ్చింది. వాడి తల వంచి, మెడ చుట్టూ చెయ్యి వేసి, ముఖం తన భుజంలో దూర్చేసుకుంది. అంత పొడుగువాడు, ముడుచుకుని ఆ తెల్ల చాదర్‌లో సగం మాయమైపోయాడు. గరిటె ఇంకా చేతిలోనే ఉంది, దాన్నుంచి పిండి ఆవిడ వీపుమీద కారుతోంది. వాడి భుజాలు కదులుతున్నాయి. దీపాలు పట్టుకున్నవాళ్ళు, తాళ్ళు లాగేవాళ్ళు, మేడమెట్ల మీద నేను, ఎవరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అంత పెద్ద మనుషులం, తల్లి కొడుకుని పట్టుకోవడం కొత్తగా చూస్తున్నట్టు చూశాం.

"కట్" అన్నాడు నౌజరీ. ఎవరికీ వినబడలేదేమోనని మళ్ళీ అన్నాడు.

మొనవ్వర్ ఖానుమ్ కదల్లేదు.

"ఖానుమ్, అద్భుతంగా వచ్చింది. అయిపోయింది. ఇక వదలొచ్చు."

ఆవిడ వాడి తలమీంచి ఒక కన్ను మాత్రం పైకి తీసి ఆయనవైపు చూసింది.

"నువ్వు వదలమన్నప్పుడు వదలడానికి, నేనేమన్నా నటినా నాయనా?"